మాత్ర తగ్గిస్తుంటే కాఫీ పడట్లేదు. ఇంకెవరికైనా ఇలా ఉందా?

పాలకొల్లు_పెరడు · సోమవారం, ఉదయం 5:50

అందరికీ నమస్కారం. నా వయసు 47. ఆరేళ్ళ కిందట మావారికి ఆపరేషన్ అయినప్పుడు నాకు నిద్ర లేకుండా పోయింది. అప్పుడు క్లోనాజెపామ్ రాశారు. నెల రోజులకని రాసిన మాత్ర ఆరేళ్ళు నడిచింది. కిందటేడు భీమవరంలో ఒక సైకియాట్రిస్టుగారిని కలిస్తే మెల్లగా తగ్గిద్దామన్నారు. 1 మి.గ్రా. దగ్గర మొదలుపెట్టి పది నెలల్లో 0.5కి వచ్చాను. ఇప్పటిదాకా ఓర్చుకున్నాను.

ఇప్పుడు సమస్య కాఫీతో వచ్చింది. మా ఇంట్లో తెల్లారి నాలుగున్నరకి ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దిగుతుంది, మా అత్తగారికీ నాకూ. పొద్దున పెద్ద గ్లాసు, పదకొండింటికి ఒకటి, సాయంత్రం నాలుగింటికి ఒకటి. ముప్పయ్యేళ్ళ అలవాటు, ఏనాడూ ఒంటికి ఏమీ కాలేదు. కిందటి వారం 0.25 మాత్రలో పావు ముక్క తగ్గించాను. మూడో రోజు పొద్దున కాఫీ తాగిన అరగంటకి గుండెదడ మొదలైంది. గ్లాసు సాసరులో పెడుతుంటే టకటకమని చప్పుడు. చెయ్యి వణుకుతోందని ఆ చప్పుడు విన్నాకే తెలిసింది. అరికాళ్ళలో జివజివ, చెవిలో హోరు, ఊరికే ఏడుపు. పదింటికి సర్దుకుంది. పదకొండింటి కాఫీతో మళ్ళీ అదే.

ఇది మాత్ర తగ్గించినందుకా, కాఫీ వల్లా? మా అత్తగారైతే కాఫీ వల్ల ఎవరికైనా ఏమైనా అవుతుందా అంటున్నారు.

చెరువుగట్టు · సోమవారం, ఉదయం 6:35

అక్కా, నాకూ అచ్చం ఇంతే. కాకపోతే నాది టీ. ఆకివీడు దగ్గర రొయ్యల చెరువుల మీద రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది, ఆ టైములో కరెంటు పోతే జనరేటరు వెంటనే వెయ్యాలి, లేకపోతే చెరువంతా పోతుంది. కాబట్టి రెప్ప వాల్చడానికి లేదు. ఫ్లాస్కులో టీ పోసుకుని వెళ్తాను, రాత్రికి ఆరేడు కప్పులు. పగలు నిద్ర పట్టదని నాలుగేళ్ళుగా అల్ప్రాజోలామ్ 0.5. డాక్టరుగారు రెండు నెలల్నుంచి తగ్గిస్తున్నారు. ఇప్పుడు రెండో కప్పుకే ఒళ్ళంతా కరెంటు పాకినట్టు అవుతోంది. నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల చప్పుడు ఇన్నాళ్ళూ వినపడేదే కాదు, ఇప్పుడు తలలో తిరుగుతున్నట్టుంది.

మందులచీటీ · సోమవారం, ఉదయం 9:10

నేను అమలాపురం వైపు మెడికల్ షాపులో ఫార్మసిస్టుని, పందొమ్మిదేళ్ళుగా. డాక్టర్ని కాను. డోసు ఎంత తగ్గించాలో చెప్పడం నా పని కాదు, అది మీ డాక్టరుగారే చెప్పాలి. కానీ కాఫీ సంగతి వివరంగా చెప్పగలను.

మెదడులో గాబా అని ఒక పదార్థం ఉంటుంది. నరాల ఉరుకును ఆపేది అదే. క్లోనాజెపామ్, అల్ప్రాజోలామ్, డయాజిపామ్ ఇవన్నీ ఆ గాబా పనికి బలం ఇస్తాయి. లొల్ల లాకుల దగ్గర కాలువ నీటిని ఆపే తలుపులు చూసే ఉంటారు. ఏళ్ళ తరబడి ఇంకొకరు వచ్చి తలుపు పట్టుకుంటుంటే లాకు మనిషి చెయ్యి సడలుతుంది కదా, మెదడూ అంతే, తన పట్టు తగ్గించుకుంటుంది. మాత్ర తగ్గించినప్పుడు నీటి తోపుడు ఒక్కసారిగా తెలుస్తుంది. దడ, వణుకు, నిద్ర లేకపోవడం, చెవిలో హోరు, వెలుతురు కళ్ళకు పడకపోవడం, అన్నీ అందుకే.

ఇక కెఫీన్. మెదడులోనే అడినోసిన్ అని ఇంకొకటి ఉంది. పొద్దెక్కే కొద్దీ పేరుకుని, ఇక పడుకో అని చెప్పేది అదే. కెఫీన్ వెళ్ళి దాని సీట్లో కూర్చుంటుంది, దాన్ని పని చెయ్యనివ్వదు. అంటే మనల్ని నెమ్మదింపజేసే రెండో తలుపు కూడా తెరిచినట్టే. మొదటి తలుపు గట్టిగా ఉన్నన్నాళ్ళు రెండోది తెరిచినా తెలియలేదు. ఇప్పుడు మొదటిది వదులుగా ఉంది. మీ అత్తగారికి ఏమీ కాని కాఫీ మీకు పడకపోవడంలో వింత లేదమ్మా.

అర్ధాయువు లెక్క కూడా చూడండి. మామూలు మనిషికి కెఫీన్ సగానికి తగ్గడానికి ఇంచుమించు 5 గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. సాయంత్రం నాలుగింటికి తాగిన కాఫీలో సగం రాత్రి తొమ్మిదింటికి ఒంట్లోనే ఉంటుంది.

చెరువుగట్టు తమ్ముడూ, నిన్నొకటి అడగాలి. ఈమధ్య సిగరెట్లు గానీ మానేశావా?

చెరువుగట్టు · సోమవారం, ఉదయం 9:25

మీకెలా తెలిసింది సార్? మాత్ర తగ్గించడం మొదలుపెట్టిన వారమే మానేశాను. రోజుకి పెట్టె తాగేవాణ్ణి. అన్నీ ఒకేసారి బాగుచేసుకుందామని.

మందులచీటీ · సోమవారం, ఉదయం 9:50

మానడం చాలా మంచి పని. మళ్ళీ మొదలుపెట్టకు. కానీ సంగతి ఇదీ. సిగరెట్ పొగ కాలేయంలో కెఫీన్‌ని విరిచే ఎంజైమును ఉరుకులు పెట్టిస్తుంది. పొగ ఆగితే కొద్ది రోజుల్లోనే ఆ ఎంజైము నెమ్మదిస్తుంది. అప్పుడు తాగే టీ అంతే ఉన్నా, రక్తంలో కెఫీన్ రెట్టింపు దాకా పెరగొచ్చు. నువ్వు ఏడు కప్పులే తాగుతున్నావు, ఒంటికి అది పన్నెండు, పద్నాలుగు కప్పుల లెక్క. మాత్ర తగ్గడం దానికి తోడైంది.

ఇంకా కొన్ని మందులూ ఇదే పని చేస్తాయి. సిప్రోఫ్లోక్సాసిన్ యాంటీబయాటిక్, ఫ్లూవాక్సమైన్, గర్భనిరోధక మాత్రలు. వీటితో కెఫీన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. విరోచనాలకని సిప్రో వాడిన వారంలో దడ వస్తే అది కూడా గుర్తు పెట్టుకోండి.

లంకవాసి · సోమవారం, మధ్యాహ్నం 1:15

ఇన్ని లెక్కలెందుకండీ. మాత్ర, కాఫీ రెండూ ఒకేసారి మానేస్తే నాలుగు రోజులు బాధపడి బయటపడతారు. మా బాబాయి సిగరెట్లు అలాగే మానాడు.

వేదిక_నిర్వాహకుడు · సోమవారం, మధ్యాహ్నం 1:40

లంకవాసి గారూ, ఈ మాట మాత్రం ఇక్కడ వద్దండి. సిగరెట్టు వేరు, ఈ మాత్ర వేరు. ఏళ్ళ తరబడి వాడిన నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రాజోలామ్, డయాజిపామ్ కలిపిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. ఆ కల్లు హఠాత్తుగా దొరక్కపోతే తాగేవాళ్ళు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో ఆసుపత్రుల్లో చేరారు. వాళ్ళు మాత్ర వేసుకుంటున్నామని కూడా ఎరగరు. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ జాతి మందులన్నిటికీ, వివరాల కాగితంలో గడి కట్టి వేసే పెద్ద హెచ్చరికను మార్చి రాయించింది. ఆధారపడటం గురించి, హఠాత్తుగా ఆపితే వచ్చే ప్రమాదం గురించి అందులో ఉంది.

లంకవాసి · సోమవారం, మధ్యాహ్నం 2:05

క్షమించండి. నాకు తెలియక రాశాను. అసలు నేను ఇక్కడికి వచ్చింది మా అమ్మ కోసం. ఎనిమిదేళ్ళుగా ఇలాంటి మాత్రే వేసుకుంటోంది. నిన్న పొద్దున ఆవిడ స్ట్రిప్పు తీసి బీరువాలో దాచేశాను. రాత్రంతా నిద్రపోలేదు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు పడుతున్నాయి. నాటకం అనుకున్నాను.

మందులచీటీ · సోమవారం, మధ్యాహ్నం 2:08

బాబూ, అది నాటకం కాదు. ఇప్పుడే బీరువా తియ్యి. చీటీ రాసిన డాక్టరుగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పు, ఆయన ఎంత ఇమ్మంటే అంత ఇయ్యి. ఆయన దొరక్కపోతే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళు. మాటలు తడబడినా, మనిషి గుర్తు పట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. ఇక్కడ రాస్తూ కూర్చోకు.

లంకవాసి · సోమవారం, రాత్రి 8:30

డాక్టరుగారు ఫోన్ ఎత్తారు. ఎప్పటి మాత్ర అప్పుడే ఇమ్మన్నారు. గంటన్నరకి వణుకు తగ్గింది. ఇప్పుడు నిద్రపోతోంది. గురువారం తీసుకురమ్మన్నారు. నిన్న రాత్రి ఆవిడ నన్ను రెండుసార్లు అడిగింది, నాన్నా ఆ మాత్ర ఎక్కడ పెట్టావు అని. నేను పలకలేదు. అది మర్చిపోలేకపోతున్నాను.

గౌతమి_గాలి · సోమవారం, రాత్రి 9:15

నాయనా, తెలిసిన నిమిషంలో సరిదిద్దుకున్నావు, అది చాలు. అమ్మ దగ్గర కూర్చో.

నేను యానాం దగ్గర రిటైరైన టీచర్ని. పద్నాలుగేళ్ళు లోరాజెపామ్, అల్ప్రాజోలామ్ మార్చి మార్చి వాడి, రెండున్నరేళ్ళు పట్టి మానేశాను. కాఫీ విషయంలో నాది కొంచెం వేరే మాట. నాకు పొద్దుటి కాఫీ ఏ హానీ చెయ్యలేదు. పన్నెండు దాటాక తాగితేనే ఇబ్బంది. అందరూ మానెయ్యాలని నేననను.

ఇంగ్లండులో న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ అనే ప్రొఫెసరు 1982 నుంచి 1994 దాకా ఈ మాత్రలు మానిపించే క్లినిక్కే నడిపారు. ఆవిడ సలహా కూడా కాఫీ, టీ మితంగా అయితే చాలామందికి పర్వాలేదనే. కెఫీన్ బొత్తిగా పడనివాళ్ళు, ఆందోళన బాగా ఎక్కువున్నవాళ్ళు తగ్గించుకోవాలన్నారు, పొద్దుపోయాక ఎవరికీ వద్దన్నారు. నాకు ఆ మాట ధైర్యమిచ్చింది. నిద్ర, నవ్వు, భజన, అన్నీ పోయిన రోజుల్లో ఆ ఒక్క పొద్దుటి గ్లాసే నాకు మిగిలింది. దాన్ని కూడా లాక్కోకండి ఎవరి దగ్గరా.

పాలకొల్లు_పెరడు · బుధవారం, సాయంత్రం 6:20

నేనొక పని చేశాను. తప్పో ఒప్పో మీరే చెప్పాలి. సోమవారం మీ మాటలు చదివి మంగళవారం నుంచి కాఫీ పూర్తిగా ఆపేశాను. దడ తగ్గింది, నిజమే. కానీ ఈ రోజు పొద్దున లేచేసరికి తల బద్దలవుతోంది. కళ్ళు తెరవలేను, వాంతి వచ్చినట్టుంది, మనసంతా నల్లగా ఉంది. మాత్ర తగ్గించిన బాధ ఇప్పుడు ముదిరిందేమోనని భయపడి, తగ్గించిన ముక్క మళ్ళీ వేసేసుకుందామనుకున్నాను. దానికి ముందు పక్క కిరాణా కొట్టులో తలనొప్పి మాత్ర తెచ్చుకుని వేసుకున్నాను. అరగంటలో తలనొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. గంట తిరక్కుండా సోమవారం నేను రాసిన ఆ గుండెదడే మళ్ళీ! ఏంటండీ ఇది?

మందులచీటీ · బుధవారం, సాయంత్రం 6:45

అమ్మా, ఆ మాత్ర స్ట్రిప్పు వెనక్కి తిప్పి, అక్షరాలు ఎంత చిన్నవైనా సరే, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. ఏమేం రాసి ఉన్నాయో చెప్పండి.

పాలకొల్లు_పెరడు · బుధవారం, సాయంత్రం 7:05

పారాసిటమాల్... ఇంకొకటి పలకడం రావట్లేదు... చివర కెఫీన్ 50 మి.గ్రా.! ఇన్నాళ్ళూ ఇంట్లో పిల్లలకి కూడా ఇచ్చాను. ఒక్కసారి చదవలేదు.

మందులచీటీ · బుధవారం, రాత్రి 8:00

అదండీ. మీకొచ్చిన తలనొప్పి క్లోనాజెపామ్ తగ్గించినందుకు వచ్చింది కాదు, కాఫీ ఆపినందుకు వచ్చింది. ముప్పయ్యేళ్ళు రోజుకి మూడు గ్లాసులు తాగి ఒక్కసారి ఆపితే 12 నుంచి 24 గంటల్లో మొదలవుతుంది, ఒకటి రెండు రోజుల్లో పతాకస్థాయికి వెళ్తుంది, రెండు రోజుల నుంచి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. తలనొప్పి, నీరసం, చిరాకు, దిగులు, వికారం. దీన్ని మానసిక వైద్యుల పుస్తకాల్లోనే 2013 నుంచి ఒక రుగ్మతగా రాస్తున్నారు. మీరు తలనొప్పి మాత్రలో కెఫీన్ వేసుకున్నారు కాబట్టి తలనొప్పి పోయింది, దడ వచ్చింది.

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. కాఫీ మానిన బాధని మాత్ర తగ్గించిన బాధ అనుకుని డోసు పెంచేసుకుంటారు, పది నెలల శ్రమ పోతుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళకి ఒకటే చెప్తాను: ఒక నెలలో ఒకటే మార్చండి. మాత్ర తగ్గించే నెలలో కాఫీ జోలికి పోవద్దు. కాఫీ తగ్గించే నెలలో మాత్ర ఎక్కడుందో అక్కడే ఉంచమని డాక్టరుగారిని అడగండి. మాత్ర తగ్గించడంలో తొందర లేదు. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా మొదట్లో 2 నుంచి 4 వారాలకి 5 నుంచి 10 శాతమే తగ్గించమన్నారు, రెండు వారాల్లో 25 శాతం దాటవద్దన్నారు. మీరు తగ్గించిన పావు ముక్క మీ 0.5లో ఎనిమిదో వంతు, అంటే పన్నెండున్నర శాతం. మీ డాక్టరుగారికి ఈ దడ సంగతి చెప్తే ఇంకా సన్నగా తగ్గించే దారి చూపిస్తారేమో అడగండి.

కాఫీ ఎలా తగ్గించాలంటే, గ్లాసు మార్చకండి, డికాక్షన్ మార్చండి. మొదటి డికాక్షన్‌లో పావు వంతు తీసేసి అంత పాలు పొయ్యండి. నాలుగైదు రోజులు అలా ఉంచి మళ్ళీ పావు. పొడి కొనేటప్పుడు చికోరీ వంతు ఎక్కువున్నది అడగండి, చికోరీలో కెఫీన్ ఉండదు. పొడిలో రోబస్టా గింజ ఎక్కువుంటే కెఫీన్ దాదాపు రెట్టింపు, అరబికా అయితే తక్కువ. మన అరకు కాఫీ అరబికానే. ఇక లెక్క కావాలంటే, ఫిల్టర్ కాఫీ గ్లాసుకి చిక్కదనాన్ని బట్టి 60 నుంచి 100 మి.గ్రా. పైన, ఇన్‌స్టంట్ చెంచాకి 60 చొప్పున, టీ కప్పుకి 30 నుంచి 50. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి 400 దాకా పర్వాలేదంటారు. ఆ 400 మీ పరిస్థితిలో ఉన్నవాళ్ళకి కాదు.

చెరువుగట్టు · గురువారం, తెల్లవారుజామున 3:40

గట్టు మీద నుంచే రాస్తున్నాను. సార్ చెప్పాక టీ రాత్రి ఒంటిగంటకే ఆపేస్తున్నాను, మొత్తం నాలుగు కప్పులు. ఒంటిగంట నుంచి తెల్లారేదాకానే కష్టం. మొన్న కళ్ళు మూతలు పడి రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రే చూడటం మర్చిపోయాను, ఓనరు గట్టిగా అన్నాడు. డ్యూటీ మార్చమని అడగలేను, పగలు డ్యూటీకి వేరే కుర్రాడున్నాడు. అల్లం, మిరియాలు వేసి బెల్లం పానకంలా కాచి తెచ్చుకుంటున్నాను, వేడికి కాస్త మెలకువ ఉంటోంది. గంటకోసారి లేచి చెరువు చుట్టూ ఒక రౌండు నడుస్తున్నాను. పొద్దున ఏడింటికి పడుకుంటే నాలుగు గంటలు నిద్ర పట్టింది, రెండు నెలల్లో ఇదే ఎక్కువ.

ఒక సంగతి. మా గట్ల మీద కుర్రాళ్ళు ఎనర్జీ డ్రింకులు తాగుతున్నారు. 250 మి.లీ. డబ్బాలో 80 మి.గ్రా. కెఫీన్ అని డబ్బా మీదే రాసుంది. మాత్రలు వేసుకునేవాళ్ళు కూడా తాగుతున్నారు. పగలు మాత్ర, రాత్రి డబ్బా. వాళ్ళకి ఈ పేజీ చూపిస్తాను.

రావులపాలెం_రోడ్డు · గురువారం, ఉదయం 7:30

అరటి లోడు లారీ నాది. పైవన్నీ చదివాను. మాత్ర వేసుకున్న మత్తు పోవాలని దారిలో రెండు కాఫీలు కొట్టి బండి తోలేవాణ్ణి. కాఫీ తాగితే మత్తు దిగినట్టే అనుకున్నాను. అలా కాదా సార్?

మందులచీటీ · గురువారం, ఉదయం 8:15

కాదు అన్నా. కాఫీ నిద్ర మబ్బుని కప్పుతుంది, మాత్ర మాత్రం ఒంట్లోనే ఉంటుంది. మెలకువగా ఉన్నాననిపిస్తుంది గానీ చెయ్యి, కాలు, బ్రేకు మీద అడుగు ఆలస్యమే. మీ డాక్టరుగారికి డ్రైవింగ్ మీ పని అని తప్పకుండా చెప్పండి. మద్యం తాగే అలవాటుంటే అది కూడా చెప్పండి, మాత్రతో మద్యం కలిస్తే ఊపిరే ఆగొచ్చు.

లంకవాసి · గురువారం, రాత్రి 7:50

ఈ రోజు అమ్మని తీసుకెళ్ళాను. ఇప్పట్లో ఏమీ తగ్గించవద్దు, రెండు వారాలు కుదురుకోనివ్వండి అన్నారు డాక్టరుగారు. అమ్మ టీ సంగతి అడిగారు. రోజుకి ఎనిమిదిసార్లు తాగుతుందని అప్పుడు లెక్కపెడితే తెలిసింది. పొయ్యి దగ్గర నిలబడి మరిగించి మరిగించి తాగుతుంది, ఎవరూ చూడరు. ముందు టీ ఆరుకి తెద్దామన్నారు, అదీ నెలరోజుల్లో. సాయంత్రం టీ బదులు రాగి జావ అంటే ఒప్పుకుంది. మజ్జిగ పోసి పల్చగా కలిపితేనే తాగుతానంది.

డాక్టరుగారికి రాత్రిపూట ఫోన్ చెయ్యలేనప్పుడు ఎవరినైనా అడగొచ్చా?

వేదిక_నిర్వాహకుడు · గురువారం, రాత్రి 8:20

14416 రాసి పెట్టుకోండి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. ఫిట్స్ లాంటివైతే మాత్రం 108కే.

పాలకొల్లు_పెరడు · మూడు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 6:10

అందరికీ మళ్ళీ నమస్కారం. డాక్టరుగారికి అన్నీ చెప్పాను. మాత్ర ఈ నెలంతా కదపవద్దన్నారు, వచ్చే నెల నుంచి ఇప్పుడు తగ్గించినదానిలో సగమే తగ్గిద్దామన్నారు. కాఫీ మూడు గ్లాసుల నుంచి ఒకటిన్నరకి వచ్చాను. నాలుగింటి కాఫీ ముందు తీసేశాను, దాని బదులు మా పెరట్లో బొండం కొట్టించుకుంటున్నాను. తలనొప్పి రెండు రోజులు కొద్దిగా వచ్చింది, ఉత్త పారాసిటమాల్ వేసుకున్నాను, స్ట్రిప్పు చదివి.

పొద్దుటి గ్లాసు మాత్రం వదల్లేదు, గౌతమి_గాలి అమ్మగారూ, మీ మాట మీదే. కాకపోతే అంతకుముందు పరగడుపున తాగేదాన్ని. ఇప్పుడు రెండు ఇడ్లీలు తిన్నాక తాగుతున్నాను. దడ పూర్తిగా పోలేదు. గుండె మీద చెయ్యి వేసుకుంటే తెలుస్తుంది, కానీ భయం వెయ్యట్లేదు. మా అత్తగారు రోజూ నేనడక్కుండానే నా డికాక్షన్ వేరే గిన్నెలో పల్చగా తీసి పెడుతున్నారు. ఆవిడది చిక్కగా, నాది పల్చగా. నిన్న ఆవిడే అడిగారు, చెయ్యి ఎలా ఉంది చూపించు అని. చాపి చూపించాను.

చెరువుగట్టు తమ్ముడూ, నీ సంగతి రాయలేదు. ఎలా ఉన్నావు?

చెరువుగట్టు · ఆదివారం, ఉదయం 7:45

బాగానే ఉన్నానక్కా. ఇప్పుడే డ్యూటీ దిగాను. నిన్న రాత్రి మూడు కప్పులే. పడుకుని లేచాక రాస్తాను.